ఐదున్నర గంటలా, పద్నాలుగున్నరా?

ప్రశ్న: మా అమ్మ కొన్ని వారాలుగా టోక్యోలో అక్క దగ్గర ఉంది. జనవరి 20న లండన్‌లో ఉన్న నా దగ్గరికి వస్తోంది, ఏప్రిల్‌లో తిరిగి వెళ్తుంది. ఒక్కతే అంత దూరం విమానంలో రావడం ఇదే మొదటిసారి. "ఇంతకీ ఎన్ని గంటలే?" అని రోజూ ఫోన్‌లో అడుగుతోంది. టికెట్‌లో ఉదయం 9.40కి బయలుదేరి అదే రోజు మధ్యాహ్నం 3.10కి దిగుతుందని ఉంది. అంటే ఐదున్నర గంటలు. కానీ దాని కిందే చిన్న అక్షరాల్లో 14 గంటల 30 నిమిషాలు అని రాసి ఉంది. దూరం చూపించే సైట్ ఒకటి 9,560 కిలోమీటర్లు, 12 గంటల 27 నిమిషాలు అంటోంది. ఇంకో సైట్‌లో దూరం 5,160 అని ఉంది. విమానం గంటకు 900 కిలోమీటర్లు వెళ్తుందంటారు కదా అని నేనే భాగించి చూస్తే పదిన్నర గంటల పైచిలుకు వచ్చింది. తిరుగు ప్రయాణం ఉదయం 11కి మొదలై మర్నాడు ఉదయం 8.45కి ముగుస్తుంది, దానికేమో 13 గంటల 45 నిమిషాలే వేశారు. పైగా వచ్చేటప్పుడు విమానం అలాస్కా మీదుగా వస్తుందని అక్క ఆఫీసులో ఎవరో చెప్పారట. టోక్యో నుంచి లండన్‌కు మధ్యలో అలాస్కా ఎందుకొచ్చింది? ఏ లెక్క నమ్మాలి? అమ్మ ఉదయం 8కి ఒకటి, రాత్రి 8కి ఒకటి బీపీ మాత్రలు వేసుకుంటుంది. ఆ రోజు రాత్రి మాత్ర ఎప్పుడని అడిగితే చెప్పలేకపోయాను.
— ఒక పాఠకురాలు, లండన్

జవాబు: అమ్మగారికి చెప్పాల్సిన అంకె 14 గంటల 30 నిమిషాలు. ముందు ఫోన్ చేసి అది చెప్పేయండి, మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

మీరు రాసిన అంకెల్లో తప్పుడు అంకె ఒక్కటీ లేదు. మీరు భాగించి తెచ్చింది కూడా తప్పు కాదు. ఒక్కో అంకె ఒక్కో ప్రశ్నకు జవాబు, మీరు వాటన్నిటినీ ఒకే ప్రశ్నకు జవాబులనుకున్నారు. అందుకే ఈ గందరగోళం.

ముందు ఆ ఐదున్నర గంటల సంగతి చూద్దాం, దాన్ని విప్పడం తేలిక. టికెట్ మీద బయలుదేరే టైమ్ ఎప్పుడూ బయలుదేరే ఊరి గడియారం ప్రకారం, దిగే టైమ్ దిగే ఊరి గడియారం ప్రకారం వేస్తారు. జనవరిలో టోక్యో గడియారం లండన్ కంటే 9 గంటలు ముందుంటుంది. అమ్మగారు లండన్‌లో దిగేసరికి మీ గోడ గడియారం మధ్యాహ్నం 3.10 చూపిస్తుంది, అక్క ఇంట్లో గడియారం అర్ధరాత్రి దాటి 12.10 చూపిస్తుంది. ఉదయం 9.40 నుంచి అర్ధరాత్రి 12.10 దాకా లెక్కపెట్టండి. పద్నాలుగున్నర గంటలు సరిగ్గా వస్తాయి.

ఇంత చెబుతున్న నేను కూడా ఈ లెక్కలో ఒకసారి బోర్లాపడ్డాను. చాలా ఏళ్ల కింద మా బావగారిని తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకు వెళ్లి మూడు గంటలు నిలబడ్డాను. చివరికి కౌంటర్‌లో అడిగితే, "ఆయన ఇంకా విమానమే ఎక్కలేదండీ" అన్నారు. దిగే టైమ్ పక్కన చిన్నగా +1 అని ఉంది. మర్నాడు అని దాని అర్థం. నేను బయలుదేరే తేదీ మాత్రమే చూసుకున్నాను. మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆయనకు ఈ కథ ఇంతవరకూ చెప్పలేదు. అందుకే టికెట్ చేతికి రాగానే ముందు ఆ +1 ఉందా లేదా చూడమని అందరికీ చెబుతుంటాను. అమ్మగారు వచ్చేటప్పుడు అది ఉండదు. తిరిగి వెళ్లేటప్పుడు ఉంటుంది.

ఇక 5,160. అది వేరే దూరం కాదు, అదే దూరాన్ని నాటికల్ మైళ్లలో చెప్పారు. సముద్రం మీదా ఆకాశంలోనూ వాడే మైలు 1.852 కిలోమీటర్లు, రోడ్డు మీద వాడే మైలు 1.609 కిలోమీటర్లు. కాబట్టి 9,560 కిలోమీటర్లన్నా, 5,940 మైళ్లన్నా, 5,160 నాటికల్ మైళ్లన్నా ఒకటే. సైట్లు "మైళ్లు" అని మాత్రమే రాసి ఏ మైలో చెప్పకపోతే అది వాళ్ల బద్ధకం. ఇంకో చిన్న తేడా కూడా కనిపించవచ్చు. 9,560 అనేది నగరం నడిబొడ్డు నుంచి నగరం నడిబొడ్డుకు. టోక్యోలోని హనేడా ఎయిర్‌పోర్టు నుంచి లండన్‌లోని హీత్రో ఎయిర్‌పోర్టుకు కొలిస్తే ఇంకో ముప్పై కిలోమీటర్లు పెరుగుతుంది. దాని గురించి బుర్ర పాడుచేసుకోకండి.

12 గంటల 27 నిమిషాలను తిరగేసి చూస్తే అది ఎలా వచ్చిందో ఇట్టే తెలిసిపోతుంది. 9,560ని 800తో భాగిస్తే 11 గంటల 57 నిమిషాలు. దానికి అరగంట కలిపితే 12.27. అంతే! ఇలాంటి సైట్లు ఏ విమానాన్నీ చూడవు, ఏ టైమ్‌టేబులూ చదవవు. రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని దూరం కట్టి, ఏదో ఒక సగటు వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అని అరగంట కలిపేస్తాయి. ఈ సూత్రం పనికిమాలినదేమీ కాదు. మధ్యలో అడ్డంకులు లేని రెండు ఊళ్లకు దాదాపు సరిపోతుంది. నిజానికి టోక్యో, లండన్ మధ్య కూడా 2022 ఫిబ్రవరి దాకా పన్నెండు గంటల చుట్టుపక్కలే పట్టేది. ఆ సైట్ పాత లోకాన్ని చూపిస్తోందనుకోండి.

అలాస్కా ప్రశ్న వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది. ఇంట్లో గ్లోబు ఉంటే దగ్గర పెట్టుకోండి, ఒక దారం ముక్క కూడా.

ముందు మామూలు గోడ మ్యాప్ మీద లండన్ నుంచి టోక్యోకు స్కేలుతో గీత గీసినట్టు ఊహించుకోండి. జర్మనీ, ఉక్రెయిన్, కజకిస్తాన్, చైనా మీదుగా పోతుంది. చూడ్డానికి అదే దగ్గరి దారి. కానీ ఆ గోడ మ్యాప్‌లో (మెర్కేటర్ మ్యాప్ అంటారు) ఆ గీత వెంట నిజంగా ప్రయాణిస్తే సుమారు 11,300 కిలోమీటర్లు అవుతుంది. ఇప్పుడు గ్లోబు మీద అవే రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకోండి. దారం జారి పైకి వెళ్లిపోతుంది. లండన్‌లో తూర్పు వైపు తిరగదు, ఈశాన్యానికి కూడా ఇంకా పైకి తిరిగి, నార్వే మీదుగా ఉత్తర ధ్రువ వలయం దాటి, 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా వెళ్లి, సైబీరియా మీదుగా జపాన్‌లోకి దిగుతుంది. ఆ దారం పొడవే మీ 9,560. గోడ మ్యాప్ గీత కంటే 1,700 కిలోమీటర్లకు పైగా తక్కువ. దీన్నే గ్రేట్ సర్కిల్ అంటారు. గుండ్రటి భూమిని చదునైన కాగితం మీద పరిస్తే పైభాగం సాగిపోతుంది. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం అంటే 111 కిలోమీటర్లు, 60 డిగ్రీల అక్షాంశం దగ్గరికి వెళ్తే అందులో సరిగ్గా సగం. గోడ మ్యాప్‌లో రెండూ ఒకే వెడల్పుతో కనిపిస్తాయి. విమానాలు వంకరగా వెళ్తున్నట్టు మ్యాప్‌లో అనిపించడానికి కారణం ఇదే. వంకర కాగితానిదే, దారిది కాదు.

అయితే ఆ దారం ఎక్కువ భాగం పడేది రష్యా మీద. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక బ్రిటన్, యూరోపియన్ యూనియన్ రష్యా విమానాలను తమ గగనతలంలోకి రానివ్వలేదు, రష్యా కూడా వాళ్ల విమానాలకు తలుపు వేసేసింది. జపాన్ విమానసంస్థలు కూడా ఆ మార్చి నుంచి రష్యా మీదుగా వెళ్లడం మానేశాయి. చైనా సంస్థలు మాత్రం ఆ తర్వాత కూడా అటుగానే ఎగురుతున్నాయి. అందుకే ఇప్పుడు రెండు ఊళ్ల మధ్య దూరం ఎంత అనే మాటతో పాటు ఏ సంస్థ విమానం అనేది కూడా అడగాలి. ఒకే దూరానికి సంస్థను బట్టి టైమ్ మారిపోతోంది. హెల్సింకి నుంచి టోక్యోకు తొమ్మిదిన్నర గంటల్లో చేరే విమానం దాదాపు పదమూడు గంటలు తీసుకోవడం మొదలుపెట్టింది. రెండు ఊళ్లూ ఉన్నచోటే ఉన్నాయి.

పెద్దవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. సోవియట్ రోజుల్లో కూడా ఆ ఆకాశం మూసే ఉండేది. 1957లో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ కోపెన్‌హాగెన్ నుంచి అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆగి టోక్యోకు ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా విమానం నడపడం మొదలుపెట్టింది. తర్వాత చాలా ఏళ్లు యూరప్, జపాన్ మధ్య తిరిగేవాళ్లలో చాలామందికి యాంకరేజ్ ఎయిర్‌పోర్టు బాగా తెలిసిన చోటు. విమానం అక్కడ ఇంధనం నింపుకునేది. సైబీరియా మీద దారి తెరుచుకున్నాక ఆ మజిలీ పోయింది. ఇప్పుడు మళ్లీ ఆ వైపే వెళ్తున్నారు, కాకపోతే ఆగాల్సిన పని లేదు.

ఇక దూరం చూద్దాం. యాంకరేజ్ మీదుగా కొలిస్తే టోక్యో నుంచి అక్కడికి సుమారు 5,550 కిలోమీటర్లు, అక్కడి నుంచి లండన్‌కు 7,200. మొత్తం 12,750. విమానం కచ్చితంగా ఆ ఊరి నెత్తి మీదుగానే వెళ్లాలని లేదు, ఆ రోజు వాతావరణాన్ని బట్టి పైకో కిందికో జరుగుతుంది. కానీ అంచనాకు ఇది చాలు. దారం పొడవు కంటే మూడు వేల కిలోమీటర్లకు పైగా ఎక్కువ! మరి దక్షిణంగా చైనా, కజకిస్తాన్, కాకసస్, టర్కీ మీదుగా వస్తే? కాకసస్‌లో జార్జియా రాజధాని తిబిలిసి మీదుగా కొలిస్తే సుమారు 11,400. ఇది తక్కువ కదా, ఈ దారిలో ఎందుకు రాదు అని మీరు అడగొచ్చు. అక్కడే గాలి వస్తుంది.

విమానాలు ఎగిరే ఎత్తులో, అంటే పది పన్నెండు కిలోమీటర్ల పైన, పడమర నుంచి తూర్పుకు గాలి నదుల్లా పారుతుంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో జపాన్ మీద అది చాలా జోరుగా ఉంటుంది. దాన్ని పద్ధతిగా కొలిచిన తొలి మనుషుల్లో ఒకాయన జపాన్‌వాడే. వాసబురో ఓయిషి అనే వాతావరణ శాస్త్రవేత్త 1920లలో బెలూన్లు వదిలి ఆ గాలుల వేగం లెక్కగట్టాడు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో తన నివేదికను ఎస్పెరాంటోలో, అంటే అన్ని దేశాలవాళ్లకూ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన భాషలో రాశాడు. ఆ భాష చదివేవాళ్లే తక్కువ కావడంతో బయటి ప్రపంచానికి ఆ సంగతి చాలా ఏళ్లు చేరలేదు. పాపం, ఆయన ఉద్దేశం మాత్రం మంచిదే.

ఆ గాలికి ఎదురుగా టోక్యో నుంచి పడమరగా వెళ్లడం అంటే ఏటికి ఎదురీదడమే. అందుకని విమానం తూర్పుకు తిరిగి, ఆ గాలే వెనక నుంచి తోస్తుండగా పసిఫిక్ ఉత్తర అంచున అలాస్కా వైపు వెళ్లి, గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ వైపు నుంచి బ్రిటన్‌కు దిగుతుంది. తిరిగి వెళ్లేటప్పుడు లండన్ నుంచి టర్కీ, మధ్య ఆసియా, చైనా మీదుగా మళ్లీ తూర్పుకే. చమత్కారం గమనించారా? అమ్మగారు వచ్చేదీ తూర్పుకే, వెళ్లేదీ తూర్పుకే. ఏప్రిల్‌లో అక్క ఇంటికి చేరేసరికి ఆవిడ భూమిని ఒక చుట్టు చుట్టేసి ఉంటారు. ఈ మాట ఆవిడకు చెప్పండి, టెన్షన్ కాస్త తగ్గుతుంది. రోజూ ఇదే దారి అని మాత్రం అనుకోవద్దు. గాలి లెక్క చూసుకుని దారి వేయడం విమానసంస్థల్లో రోజువారీ పని. ఏ రోజుకు ఆ రోజు మారవచ్చు.

ఎక్కువ దూరం తక్కువ టైమ్‌లో వెళ్లడం ఎలా కుదురుతుందని ఇంకా అనుమానం ఉంటే ఒక సంగతి వినండి. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ మీదుగా పంపింది. పాత దారి సుమారు 13,900 కిలోమీటర్లు, కొత్తది సుమారు 15,300. అయినా గాలి వెనక నుంచి తోయడంతో పదిహేను గంటల లోపే చేరింది, పాత దారిలో కంటే రెండు గంటల దాకా ముందే. 2020 ఫిబ్రవరిలో అట్లాంటిక్ మీద తుఫాను గాలుల పుణ్యమా అని న్యూయార్క్ నుంచి లండన్‌కు ఒక విమానం 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. మామూలుగా అయితే ఆరున్నర, ఏడు గంటలు. ఆ రోజు నేల మీద లెక్కన దాని వేగం గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అలాగని అది ధ్వని వేగాన్ని మించలేదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే దాని వేగం రోజూ ఉండేదే. ఆ గాలే దాన్ని మోసుకుపోయింది.

మీరు 900తో భాగించారే, అక్కడ జారింది ఇదే. 900 అనేది గాలిలో విమానం వేగం. నేల మీద ఎంత ముందుకు జరిగిందన్నది గాలిని బట్టి మారుతుంది. లండన్, న్యూయార్క్ మధ్య 5,550 కిలోమీటర్లు అనుకుని, గాలి గంటకు 100 అనుకుందాం. వెనక నుంచి తోస్తే 5 గంటల 33 నిమిషాలు, ఎదురైతే 6 గంటల 56 నిమిషాలు. ఇంచుమించు గంటన్నర తేడా. పోను పోయింది రాను వస్తుంది, సరికి సరి అనుకుంటారేమో, అదీ కాదు. గాలి లేకపోతే రానుపోను 12 గంటల 20 నిమిషాలు. గాలి ఉంటే 12 గంటల 29. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి దాని దెబ్బ ఎక్కువసేపు తగులుతుంది.

టికెట్ మీది 14.30లో ఎగిరే టైమ్ ఒక్కటే లేదు. టోక్యోలో గేటు దగ్గర్నుంచి విమానం వెనక్కి కదిలినప్పుడు మొదలై, లండన్‌లో గేటు దగ్గర ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడడం, దిగాక మళ్లీ పాకడం అన్నీ అందులోనే. దాని మీద సంస్థలు కొంచెం ఎక్కువే వేసుకుంటాయి. ఆలస్యమైందనిపించుకోవడం కంటే ముందే వచ్చిందనిపించుకోవడం మేలు కదా. హీత్రో లాంటి చోట ఆ ఎక్కువ వేసుకున్నది కూడా కొన్నిసార్లు కరిగిపోతుంది. లండన్ చుట్టూ నాలుగు చోట్ల విమానాలను గుండ్రంగా తిప్పుతూ, ఒక్కొక్కదాన్నీ వరసగా దింపుతారు. ఫోన్‌లో విమానం ఒకేచోట గిరగిరా తిరుగుతూ కనిపిస్తే కంగారుపడకండి.

దూరం సైట్లను వదిలేయండి. విమానాలు ఎక్కడున్నాయో చూపించే ఫ్లైట్‌రాడార్24 గానీ ఫ్లైట్‌అవేర్ గానీ తెరిచి, అమ్మగారి టికెట్ మీద ఉన్న ఫ్లైట్ నంబరు కొట్టండి. గడిచిన వారం రోజులు అదే నంబరు విమానం ఎన్నింటికి లేచిందో, ఎన్నింటికి దిగిందో, ఏ దారిన వచ్చిందో వరసగా చూపిస్తుంది. ఒకరోజు పావుగంట ముందు, ఒకరోజు నలభై నిమిషాలు ఆలస్యం, అలా ఉంటుంది. ప్రయాణానికి వారం ముందు చూడడం మంచిది. ఇప్పుడు చూస్తే ఇప్పటి గాలే కనిపిస్తుంది, జనవరి గాలి కాదు. అలాగే టికెట్‌లో "నాన్‌స్టాప్" అని ఉందో "డైరెక్ట్" అని ఉందో ఒకసారి చూడండి. మనం రెండూ ఒకటే అనుకుంటాం. డైరెక్ట్ అంటే ఫ్లైట్ నంబరు మారదు అనే, మధ్యలో ఎక్కడా ఆగదు అని కాదు. సిడ్నీ నుంచి లండన్‌కు ఒకే నంబరుతో వెళ్తూ సింగపూర్‌లో ఆగే విమానం అలాంటిదే. 14.30 అని ఉంది కాబట్టి మీది నాన్‌స్టాపే అయ్యుండాలి.

మంచు ఎడారుల మీదుగా వస్తుందంటే అమ్మగారికి భయం వేయవచ్చు, మధ్యలో ఏమైనా అయితే ఎక్కడ దిగుతారని. రెండు ఇంజిన్ల విమానం ఎక్కడ ఎగురుతున్నా, ఒక ఇంజిన్ ఆగినా మిగిలిన దాంతో ఇన్ని నిమిషాల్లో ఒక ఎయిర్‌పోర్టును అందుకోగలగాలి అనే నియమం ఉంది. 1953లో అమెరికా దాన్ని 60 నిమిషాలని పెట్టింది. ఇంజిన్ల మీద నమ్మకం కుదిరాక 1985లో 120కి పెంచారు, ఆ తర్వాత ఇంకా పెరిగింది. దారి వేసేటప్పుడే అలా దిగగలిగే ఎయిర్‌పోర్టులను ముందుగా గుర్తించి పెట్టుకుంటారు.

ఇప్పుడు మాత్ర సంగతి. ఆ రోజంతా అమ్మగారి చేతి గడియారం టోక్యో టైమ్‌లోనే ఉంచమనండి. ఫోన్ దానంతటదే మారిపోతుంది, చేతి గడియారం మారదు. ఉదయం 8 మాత్ర ఎయిర్‌పోర్టులోనే అయిపోతుంది. రాత్రి 8 మాత్ర విమానంలో వేసుకోవాల్సి వస్తుంది, బయలుదేరిన 10 గంటల 20 నిమిషాలకు. అప్పుడు మీకు లండన్‌లో ఉదయం 11. కిటికీ లోంచి చూసి "ఇంకా రాత్రి అవ్వలేదు" అనో, "ఇప్పుడే తెల్లారింది" అనో ఆవిడ అయోమయపడవచ్చు. ఎందుకంటే పొద్దున్నే బయలుదేరి సూర్యుడికి ఎదురెళ్తున్నారు కాబట్టి కొన్ని గంటల్లోనే చీకటి పడిపోతుంది. జనవరిలో ధ్రువ ప్రాంతంలో పగలన్నదే సరిగా ఉండదు కాబట్టి ఆ చీకటి చాలాసేపు ఉంటుంది. దిగే ముందు మళ్లీ వెలుతురు వస్తుంది. మధ్యలో తేదీ రేఖ దాటుతారు. 20వ తేదీ ఉదయం ఎక్కినావిడ అలాస్కా దగ్గరికి వచ్చేసరికి అక్కడి క్యాలెండర్ ప్రకారం 19వ తేదీ రాత్రిలో ఉంటారు, లండన్‌కు మళ్లీ 20నే దిగుతారు. కాబట్టి కిటికీని నమ్మొద్దు, చేతి గడియారాన్ని నమ్మమనండి.

ఆ తర్వాతి మాత్ర టోక్యో లెక్కన ఉదయం 8కి, అంటే లండన్‌లో ఆ రాత్రి 11కి. అక్కడి నుంచి లండన్ ఉదయం, లండన్ రాత్రికి ఎలా జరపాలో, ఏ మాత్ర ఎంత ముందుకో వెనక్కో వేసుకోవచ్చో ప్రయాణానికి ముందే ఆవిడ డాక్టర్‌ను అడిగి కాగితం మీద రాయించుకోండి. అది నేను చెప్పాల్సింది కాదు. మాత్రలు మాత్రం చెక్-ఇన్ పెట్టెలో వేయకుండా చేతి సంచీలోనే పెట్టుకోవాలి. గంటకో రెండు గంటలకో లేచి నాలుగడుగులు వేయమని కూడా చెప్పండి. పద్నాలుగు గంటలు కాళ్లు కదపకుండా కూర్చోవడం ఆ వయసులో మంచిది కాదు. సీటు నడవ పక్కన తీసుకుంటే ఎవరినీ లేపకుండా లేవొచ్చు.

తిరుగు ప్రయాణం లెక్క మీరే కట్టుకోగలరు గానీ ఒక మెలిక ఉంది. లండన్‌లో మార్చి చివరి ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు. జపాన్‌లో అలా జరపరు. కాబట్టి ఏప్రిల్‌లో తేడా 9 గంటలు కాదు, 8. ఉదయం 11 నుంచి మర్నాడు 8.45 దాకా గడియారాల తేడా 21 గంటల 45 నిమిషాలు, అందులోంచి 8 తీస్తే 13.45. జనవరి అలవాటులో 9 తీశారంటే 12.45 వస్తుంది, అప్పుడు టికెట్‌లో తప్పు ఉందని నాకు ఇంకో ఉత్తరం రాస్తారు.

జనవరి 20న మీరు 3.10కి హీత్రోలో ఉంటే చాలు. 3.10 అనేది విమానం గేటు దగ్గర ఆగే టైమ్. అక్కడి నుంచి నడక, పాస్‌పోర్టు వరస, పెట్టెల బెల్టు అన్నీ అయ్యేసరికి ఆవిడ బయటికి రావడానికి గంట, ఒక్కోసారి గంటన్నర పట్టొచ్చు. నాలుగున్నర లోపే పొద్దు గుంకుతుంది, కాబట్టి బయటికి వచ్చేసరికి చీకటి పడి ఉంటుంది. ఆవిడ ఒంటికి అప్పటికి అర్ధరాత్రి దాటి ఒంటిగంట అయ్యుంటుంది. ఒక మందపాటి స్వెటర్ మీతో తీసుకెళ్లండి, ఇంటికెళ్లే దారిలో ఎక్కువ ప్రశ్నలు అడగకండి.